కింది గడ్డ

నేను ఎవరినీ ఊరికే అనుమానించను. కారణం ఉంటేనే అనుమానిస్తాను. మా కార్మార్థెన్ కొండల్లో ఆవులు పెట్టుకుని బతికేవాళ్లకి కారణాల కరువేమీ లేదు.

మా మందలో ఎప్పుడో ఒక ఆవుకి టీబీ అన్నారు. అప్పటినుంచి ఒక్క దూడని కూడా గేటు దాటించి అమ్ముకోనివ్వలేదు. వరసగా రెండు పరీక్షల్లో మంద మొత్తం నెగ్గితేనే ఆ కట్టడి తీస్తారు. మొదటిది నెగ్గాం. రెండోదానికి స్పెయిన్ నుంచి వచ్చిన కుర్ర పశువైద్యుడు ఇన్యాకీని పంపారు. మా పాత డాక్టరుని ఎందుకు మార్చారో ఎవరూ చెప్పలేదు. అది మొదటి కారణం.

పరీక్ష సంగతి మా ఊళ్లో బడిపిల్లలకి కూడా తెలుసు. మెడ మీద రెండు చోట్ల వెంట్రుకలు కత్తిరిస్తారు. పైచోట పక్షుల టీబీ మందు, కిందిచోట పశువుల టీబీ మందు సూదితో ఎక్కిస్తారు. మూడోరోజు వచ్చి గడ్డలు కొలుస్తారు. పైగడ్డ పెద్దదైతే బెంగలేదు. కింది గడ్డ పెద్దదైతే ఆ ఆవు పని అయిపోయినట్టే.

ఆవులన్నీ ఒక్కొక్కటే ఇనుప చట్రంలోంచి దాటిపోయాయి. బ్రియాల్లెన్ అనే ఆవు దగ్గర ఇన్యాకీ ఆగాడు. అది నిండు చూలు, నేడో రేపో ఈనేలా ఉంది. మా అత్తగారు ఇష్టపడి పెంచిన ఆవు కడుపున పుట్టింది. ఆ సంతతిలో మిగిలింది అదొక్కటే. ఇన్యాకీ కింది గడ్డని కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"ఏంటి బాబూ, ఇంకో అంకె వస్తుందేమోనని చూస్తున్నావా?" అన్నాను.

"సారీ మెరెరిడ్ గారూ. చాలా ఎక్కువుంది."

"మందు సీసాలు మార్చేసుంటావు. పైది కింద, కిందిది పైన."

"సీసాలు మారితే అన్ని ఆవులకీ మారాలి కదండీ."

నోరు మూసుకున్నాను, అనుమానం మాత్రం మూసుకోలేదు. నా భర్త గ్విలిమ్ చట్రం అవతల నిలబడి టోపీ నలుపుతున్నాడు. పాపం, దుఃఖంలో ఉన్నాడనుకున్నాను.

నిండు చూలు ఆవుని లారీ ఎక్కించకూడదు. అందుకని మా పెరట్లోనే తుపాకీతో కాల్చేస్తారట, గురువారం. పశువుల శాఖ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఆ వారం నేను చేసిన పని అదొక్కటే అనొచ్చు.

"ఆదివారం లోపల ఈనేస్తుందమ్మా. దూడ పుట్టాక తీసుకుపోండి. ఒక్క నాలుగు రోజులు."

"తేదీలు మా విభాగం కాదండీ," అంది ఒకావిడ. తేదీల విభాగం వాళ్లేమో ముందు డాక్టరు సిఫారసు కావాలన్నారు. ఇన్యాకీని అడిగితే సిఫారసు చేసే అధికారం తనకి లేదన్నాడు. మళ్లీ మొదటావిడ దగ్గరికే వచ్చాను. ఆవిడ నా పేరు కొత్తగా వింటున్నట్టు అడిగింది.

పక్క పొలం హెఫిన్‌ని మా వైపు వాళ్లంతా అతని పొలం పేరు కలిపి హెఫిన్ పాంట్‌గ్లాస్ అంటారు. ఆ సాయంత్రం గేటు అవతలే ఆగి పలకరించాడు. లోపలికి రాలేదు. ఏదో అంటుకుంటుందన్నట్టు గేటు మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"బాధగా ఉంది మెరెరిడ్."

"ఉంటుంది మరి. చలికాలంలో టీబీ ఎక్కువున్న సరిహద్దు అవతల సంతలో కొన్నావే కోడెలు, వాటికి దగ్గు తగ్గిందా?"

"నా కోడెలకి దగ్గెప్పుడొచ్చింది?"

"కంచె పక్కన నిలబడి నేను విన్నాగా."

"చలికి దగ్గకుండా పాట పాడతాయా? నీకు నీ నీడ మీద కూడా అనుమానమే!" అని విసురుగా వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు కాకపోతే అంత కోపమెందుకు అనుకున్నాను.

బుధవారం పొద్దున బ్రియాల్లెన్ ఒళ్లు బ్రష్‌తో దువ్వడానికి వెళ్లాను. మెడ దగ్గర చెయ్యి ఆగింది. పైచోట చర్మం మామూలుగా ఉంది. కిందిచోట ఎర్రగా కమిలి పొట్టు లేస్తోంది. ముక్కు ఆనించి చూశాను. పుదీనా వాసన.

పొదుగువాపు వస్తే మేమంతా రాసే పుదీనా మందు అది. ఏ పాడి ఇంట్లో చూసినా డబ్బా ఉంటుంది. పొదుగుకి రాసేది మెడకెలా వచ్చింది?

గ్విలిమ్ పాలమిషన్ కడుగుతున్నాడు. నీళ్ల పంపు కట్టేశాను.

"దాని మెడకేం రాశావు?"

అతను నా వైపు చూడలేదు. "వాపు తగ్గుతుందనుకున్నానే."

కొలతల రోజుకి ముందు సాయంత్రం రైతులందరూ చేసే పనే అతనూ చేశాడు. ఒక్కొక్క ఆవు మెడ మీద బొటనవేలుతో తడిమి చూసుకున్నాడు. బ్రియాల్లెన్‌కి కింద చిన్న గడ్డ తగిలింది. భయపడి పుదీనా మందు తెచ్చి, పొదుగుకి రుద్దినట్టే గట్టిగా రుద్దాడు.

"రెండు చోట్లా రాశావా?"

"కిందే రాశాను. పైది పెద్దదైతే మనకే మంచిది కదా, దాన్నెందుకు తగ్గించడం?"

ఆ తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చేతిలో ఉన్న బ్రష్ అతని మీదికి విసిరాను.

"ఆ డాక్టరుకి వాసన రాలేదా?"

"తెల్లారి తడిగుడ్డతో తుడిచేశాను. బూట్లు కడుక్కోవడానికి గేటు దగ్గర బకెట్లలో పోసిన మందు కంపులో ఇంకేం తెలుస్తుంది? మెడ చర్మం పొదుగులాంటిది కాదని నాకేం తెలుసు మెరెరిడ్? రుద్దినకొద్దీ గడ్డ లేచింది."

నేరుగా వెళ్లి ఆఫీసుకి ఫోన్ చేశాను. మొదటావిడే ఎత్తింది.

"మా ఆవు గడ్డ టీబీది కాదండీ. దానికి ఒక మందు..."

"ఒక్క నిమిషం," అంది. గొంతు తగ్గించింది. "పరీక్ష మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారని చెప్పబోతున్నారా? నేను రాసుకుంటే మళ్లీ కొట్టెయ్యలేను."

"రాసుకుంటే ఆవుని మళ్లీ పరీక్షిస్తారా?"

"లేదండీ. ఫలితం మారదు. చెయ్యి పెట్టినవాళ్ల మీద కేసు మాత్రం వస్తుంది. రాసుకోమంటారా?"

ఆవిడ దయతో అడిగిందో బెదిరించిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ పెట్టేశాను. ఆవు కోసం మొగుణ్ణి అప్పజెప్పడానికి కూడా సిద్ధపడ్డానని అప్పుడు అర్థమైంది. అప్పజెప్పినా ఆవు దక్కదని కూడా.

గురువారం తుపాకీ మనిషి వచ్చాడు. మర్యాదస్తుడే, టోపీ తీసి పలకరించాడు. పలుపు నేను పట్టుకుంటానన్నాను, గ్విలిమ్ ఇవ్వలేదు. బ్రియాల్లెన్ అతని జేబులో మూతి పెట్టి మేత ముక్కల కోసం వెతుక్కుంటోంది. ఒక్క దెబ్బకే పడిపోయింది. దాని కడుపు మాత్రం ఆగలేదు. లోపల దూడ తన్నుతోంది. పక్క చర్మం లేస్తోంది, పడుతోంది. గ్విలిమ్ బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కదలిక ఆగేదాకా రెండు చేతులూ దాని కడుపు మీదే ఉంచాడు. తుపాకీ మనిషి అటు తిరిగి నిలబడ్డాడు. నేను చూస్తూనే ఉన్నాను.

కొన్ని వారాలకి ఆఫీసు నుంచి కబురొచ్చింది. కోసి చూస్తే ఎక్కడా జబ్బు గుర్తులు కనబడలేదట. "అంటే జబ్బు లేదనేనా?" అనడిగాను. "కనబడలేదంటే లేదని కాదండీ," అన్నారు. మంద మీద కట్టడి అలాగే ఉంది.

అందుకే నేను గ్విలిమ్‌ని అడుగుతూ ఉంటాను, అన్నం దగ్గర, పాలు పితికేటప్పుడు, చర్చి మెట్ల మీద. "నువ్వు రాయకముందు ఆ గడ్డ ఎంతుంది?" ఒకసారి బఠాణీ అంత అంటాడు. ఇంకోసారి గోళీ అంత అంటాడు. "గుర్తులేదే, చంపకు," అంటాడు మరోసారి. బఠాణీ అయితే దూడని చంపింది అతను. గోళీ అయితే జబ్బు. ఏది వింటే నాకు ఊరటో నాకే తెలియదు.

మళ్లీ పరీక్ష వచ్చింది. సూదులు వేసి వెళ్లారు. కొలతల ముందు సాయంత్రం గ్విలిమ్ కొట్టానికి తాళం వేసి, నేను అడక్కుండానే తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నువ్వే ఉంచు," అన్నాడు.

తీసుకున్నాను. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్లబోతుంటే ఆపాను. ఆ రెండు చేతులూ పట్టుకుని వాసన చూశాను. అతను లాక్కోలేదు.