జంటగా వస్తేనే బహుమతి

హిందూపురంలో బట్టల అంగడి నడిపిన దేవేంద్రకు ఒక పిచ్చి ఉండేది. హాలిడే క్లబ్బులవాళ్ళు ఎక్కడ మీటింగు పెట్టినా పెళ్ళాన్ని వెంటబెట్టుకొని హాజరయ్యేవాడు. ఆ క్లబ్బులవాళ్ళు అమ్మేది ఏమిటంటే, ఊటీలోనో కూర్గులోనో ఉన్న ఒక గదిని ఏడాదికి ఒక వారం చొప్పున మన పేరున రాస్తారు. ఆ వారం మనది. మిగిలిన వారాలు ఇంకెవరెవరివో. దాన్ని అంటగట్టడానికి మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి కొండల సినిమా చూపిస్తారు, భోజనం పెడతారు, ఓపిగ్గా విన్నందుకు చివర్లో ఒక బహుమతి చేతిలో పెడతారు. మొగుడూ పెళ్ళాం జంటగా రావాలన్నదొక్కటే షరతు.

దేవేంద్ర ఒక్కచోట కూడా ఏమీ కొనలేదు. బహుమతులు మాత్రం ఇంటినిండా చేరాయి. ధర్మవరం కల్యాణమండపంలో ఇచ్చిన గాజు ప్లేట్లు, బెంగళూరు హోటల్లో ఇచ్చిన చక్రాల సూట్‌కేసు, ఎక్కడిచ్చారో గుర్తులేని గోడ గడియారం, ఎప్పుడు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తని గోవా కూపన్లు.

"పెట్రోలు పోసుకొని పొయ్యేదానికంటే ఈ ప్లేట్లేవో మనమే కొనుక్కోవచ్చు గదా" అనేది పుష్పావతి.

"కొనుక్కుంటే ఇట్ల కారులో పోతామా మనం" అనేవాడు ఆయన.

అదీ నిజమే. అంగడికి సెలవు లేదు. పెళ్ళిళ్ళకు పోయినా ఆయన అక్షింతలు వేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఆ మీటింగులు తప్ప వాళ్ళిద్దరూ కలిసి తీరిగ్గా కూర్చున్న చోటు ఇంకోటి లేదు. తిరుగు దారిలో ఆయన ఆ టై కట్టుకున్న కుర్రాళ్ళ మాటలు అచ్చం అట్లాగే పలికి చూపిస్తుంటే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది.

పోయిన ఏడాది ఉగాది ముందు, అంగడి నిండా జనం ఉండగా, గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

అంగడి కొడుకు సంజయ్ చేతికి వచ్చింది. వంటిల్లు కోడలు భవ్య చూసుకుంటోంది. పుష్పావతికి చేయడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున స్నానం చేసి హాల్లో టీవీ ముందు కూర్చునేది. టీవీ వేసేది కాదు. భవ్య వచ్చి అన్నానికి లేవమంటే లేచేది. ఆ రోజు ఏ వారమో అడిగితే చెప్పలేకపోయేది.

అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆడపిల్ల గొంతు, చాలా మెత్తగా ఉంది.

"దేవేంద్ర సార్ వాళ్ళ మేడమా? ఆదివారం మా మీటింగు ఉండాది మేడం, పెనుకొండలో. జంటగా రావాల. జంటగా వస్తేనే గిఫ్టు."

"ఆయన లేరమ్మా" అంది పుష్పావతి.

"ఇంట్లో లేకుంటే ఏముండాది మేడం, ఆడికే వచ్చేస్తారు. నిన్ననే మాట్లాడినారు మాతో. మీకు ఏసీ గాలి పడదంట గదా, శాలువా మర్చిపోకుండా తెచ్చుకోమని చెప్పమన్నారు."

మీటింగు హాళ్ళలో ఏసీ గాలికి పుష్పావతికి మెడ పట్టేసేది. బయల్దేరే ముందు ప్రతిసారీ చెప్పులేసుకుంటూ ఆయన అనేమాట అదే. ఆ సంగతి కొడుకుక్కూడా తెలియదు. ఎవరు నువ్వని అడిగేలోగా ఫోన్ పెట్టేశారు. తిరిగి చేస్తే ఆ నంబరు మోగనేలేదు.

ఆదివారం నాడు ధర్మవరంలో చిన్నమ్మ కూతుర్ని చూసి వస్తానని భవ్యతో అబద్ధం చెప్పి, సంచిలో శాలువా పెట్టుకొని పెనుకొండ బస్సెక్కింది. ఆయన పేరు వాడుకుంటున్నది ఎవరో తేల్చుకొని నాలుగు మాటలు అడిగి వద్దామనే వెళుతున్నానని తనకు తాను చెప్పుకుంది. అయినా మంచి చీరే కట్టుకుంది.

బస్టాండులో తెల్ల వ్యాను ఆగి ఉంది. డ్రైవరు ఆమె పేరు అడగలేదు, తలుపు తీశాడంతే. తను ఎక్కి కూర్చున్నాక కూడా అతను తలుపు వెంటనే వెయ్యలేదు. ఇంకెవరో ఎక్కేదాకా ఆగినట్టు కాసేపాగి, అప్పుడు వేశాడు.

కోట కొండ వెనకవైపు, ఎండిపోయిన వేరుశెనగ చేలు దాటాక, బండల మధ్య కొత్తగా సున్నం వేసిన మేడ కనిపించింది. మిట్టమధ్యాహ్నపు ఎండ. వాకిట్లో టై కట్టుకున్న కుర్రాడు చేతులు జోడించాడు. జేబు మీద రాహుల్ అని పేరుంది.

"రండి మేడం. సార్ అప్పుడే వచ్చి కూర్చోనుండారు."

ఆ మాట వినగానే ఆమె గడప లోపలికి తొంగి చూసింది. అతని వెనకే లోపలికి నడిచింది.

హాలు చల్లగా ఉంది. గోడ మీద కొండల సినిమా ఆడుతోంది. చిన్న చిన్న గుండ్రటి బల్లలు, బల్లకు రెండు కుర్చీలు. ప్రతి బల్ల దగ్గరా ఒక్కరే ఉన్నారు. రెండో కుర్చీ ఖాళీ. అయినా ప్రతి బల్ల మీదా రెండు కాఫీ గ్లాసులు పెట్టి ఉన్నాయి. పంచె కట్టుకున్న ఒక పెద్దాయన తన పక్క ఖాళీ కుర్చీ వైపు వంగి ఏదో మెల్లగా చెబుతున్నాడు. ఇంకో బల్ల దగ్గర నడివయసు మనిషి కొంగుతో పక్క కుర్చీ తుడుస్తోంది. ఎవరూ తల తిప్పి చూడలేదు.

రాహుల్ ఆమెను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి తాను ఎదురుగా కూర్చున్నాడు. పుష్పావతి శాలువా కప్పుకుంది.

"సార్‌కు చక్కెర వద్దని చెప్పినా మేడం" అన్నాడు. తర్వాత ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "సరేనా సార్" అని, ఒక నిమిషం విని, నవ్వాడు. "సార్ భలే జోకులేస్తారు మేడం. మా మేనేజరును నిన్న అట్లే అనుకరించి చూపించినారు."

పుష్పావతి కుర్చీ వైపు చూసింది. నల్ల రెగ్జీను సీటు, వెనక గోడ, ఏమీ లేదు. రాహుల్ మాట్లాడుతూనే ఉన్నాడు. గదుల గురించి, కిటికీలోంచి కనపడే చెరువు గురించి. సగం మాటలు ఆమెతో, సగం ఆ కుర్చీతో. కాసేపటికి ఆమె చూపు బల్ల మీదికి దిగింది. తన కాఫీ ముట్టనే లేదు, మీద మీగడ కట్టింది. రెండో గ్లాసు ఖాళీగా ఉంది. అడుగున కాస్త మడ్డి మిగిలింది. ఎవరు తాగారో ఆమె చూడలేదు.

ఆమెకు భయం వేసింది. కానీ లేచి పోవాలనిపించలేదు. ఏడాది తర్వాత మళ్ళీ ఇప్పుడే ఆయన పక్కన కూర్చున్నట్టు అనిపించింది.

భోజనాలకు లేచినప్పుడు చేతులు కడుక్కునే చోట ఆదిలక్ష్మమ్మ కనిపించింది. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసేవాళ్ళ ఇల్లాలు. ఆమె భర్త కూడా దేవేంద్రలాగే మీటింగుల పిచ్చోడు. రెండు జంటలూ నాలుగుచోట్ల కలిసి అన్నం తిన్నారు. ఆయన కూడా పోయాడని ఎవరో చెప్పగా విన్నది.

"నువ్వు చేరినావా అక్కా?" అని అడిగింది పుష్పావతి.

"ఆయన పోయిన ఏడే చేరినా. ఏడాదికొక వారం, ఇది నా వారమే. ఈడే, మిద్దె మీద గదిలో. ఆయన వస్తారు."

"ఎట్లుంటారు?"

"కనపడరు. ఉంటారు." ఆదిలక్ష్మమ్మ కుళాయి కట్టలేదు, నీళ్ళు పోతూనే ఉన్నాయి. "పండుకుంటే మంచం ఆ పక్క కుంగుతుంది. దగ్గుతారు. నాకింకేం కావాల."

"మరి మిగతా ఏడంతా?"

"ఏముండాది, కూర్చోనుంటా. మళ్ళా ఈ వారం వచ్చేదాకా."

పుష్పావతికి ఏదో మాట్లాడాలి గనక అడిగింది. "మీ పాపకు ఆడబిడ్డ పుట్టిందంట గదక్కా. ఏం పేరు పెట్టినారు?"

ఆదిలక్ష్మమ్మ నోరు తెరిచింది. పేరు చెప్పబోయినట్టే తెరిచింది. తర్వాత కారుతున్న కుళాయి వైపు చాలాసేపు చూసింది.

"పెట్టినారు" అంది. "ఏందో ఒకటి పెట్టినారు."

అందులో ఆమెకు బాధేమీ ఉన్నట్టు లేదు. తడిచేతులు తుడుచుకోకుండానే తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పుష్పావతి తిరిగి వచ్చేసరికి బల్ల మీద కాగితం, పెన్ను ఉన్నాయి.

"సార్‌తో అంతా మాట్లాడేసినా మేడం. మీరొక్క సంతకం పెడితే అయిపోతుంది."

"ఎంత కట్టాల?"

"దుడ్లేమీ వద్దు మేడం. ఏడాదికి ఒక వారం మీది. మిగతా వారాలు మావి. అంతే."

"మా వారాలు మీకెందుకప్పా?"

రాహుల్ మర్యాదగానే నవ్వాడు. "మీకు వాటితో ఏం పనుండాది మేడం? సార్ పోయినాంక వాటిని మీరెట్ల గడుపుతాండారో మాకు తెలీదా? టీవీ కూడా వెయ్యకుండా కూర్చోనుంటారు. ఊరికే పొయ్యేవే గదా అవి."

అతను చెప్పింది నిజమే. మంచం ఒక పక్క కుంగడం, చీకట్లో ఆయన దగ్గు, అవే ఆమె కళ్ళముందు మెదిలాయి. మిగతా దినాలు ఎవరు తీసుకుంటే ఏం. పెన్ను అందుకుంది.

బల్ల కింద ఆమె ఎడమ పాదం మీద ఒక కాలు పడింది.

మెత్తగా పడి, తర్వాత గట్టిగా నొక్కింది. రాహుల్ కాళ్ళు కుర్చీ కిందికి ముడుచుకొని ఉండడం ఆమెకు కనపడుతూనే ఉంది. ఈ తొక్కుడు ఆమెకు తెలుసు. ఏ ఊళ్ళో ఏ మీటింగైనా, మాటలు తీయగా మారి సంతకం దాకా వచ్చేసరికి దేవేంద్ర చేసే సైగ ఇదే. ఇంక చాలు, లెయ్యి అని అర్థం. ఒకసారి ఆమె సినిమాలో మునిగిపోయి లేవకపోతే గోరు కమిలేటట్టు తొక్కాడు. ఇప్పుడూ అట్లాగే నొక్కుతున్నాడు.

పుష్పావతి పెన్ను కింద పెట్టింది. లేచి నిలబడింది.

"ఇంట్లో ఆలోచన చేసుకొని చెప్తాం లెప్పా" అంది. ఎప్పుడూ ఆయన అనే మాట. ఈసారి ఆమె అన్నది.

"సార్ ఇంకా కూర్చోనే ఉండారు మేడం. సార్‌కు ఇష్టమే" అంటూ రాహుల్ కుర్చీ వైపు తిరిగాడు. అక్కడ ఏం విన్నాడో, అతని ముఖంలో నవ్వు పోయింది. తల దించుకొని కాగితం మడిచాడు.

ఆమె బహుమతి అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు. వ్యాను లేదు. ఎండలో చేల గట్ల మీద నడిచి రోడ్డెక్కింది. పాదం నొప్పిగా ఉంది. ఎడమ బొటనవేలి గోరు ఎర్రగా కమిలింది. ఒక బండ మీద కూర్చొని ఆ గోరు చూసుకుంటూ, ఎవరూ లేని ఆ చోట, గొంతెత్తి ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆమె అంగడికి పోవడం మొదలుపెట్టింది. సంజయ్ వద్దన్నా వినలేదు. చిలమత్తూరు నుంచి, మడకశిర నుంచి వచ్చే ఆడవాళ్ళకు లంగా ఓణీలు చూపించడం, కన్నడంలో బేరమాడేవాళ్ళతో కన్నడంలోనే వాదించడం ఆమెకు బాగానే వచ్చింది. పెనుకొండ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది.

చెప్పవలసిన రోజు వానాకాలంలో వచ్చింది. పక్క వీధిలో జాకెట్లు కుట్టే కల్పన అంగడి మూసేవేళకు వచ్చి నిలబడింది. ఆమె భర్త ఈశ్వరప్ప లారీ నడిపేవాడు. వేసవిలో పోయాడు.

"అక్కా, నువ్వూ అన్నా ఈ హాలిడే మీటింగులకు బాగా తిరిగినారు గదా. పోతే ఏమన్నా లాభముండాదా?"

"ఎవరు పిలిచినారు నిన్ను?"

కల్పన గొంతు తగ్గించింది. "పెనుకొండంట. ఆయన మాట్లాడినాడంట వాళ్ళతో. నేను అద్దాలు మర్చిపోతానని, తెచ్చుకోమన్నాడంట. యాడో సూది పోగొట్టుకొని వెతుక్కుంటాంటే రోజూ అనేవాడక్కా, అద్దాలు పెట్టుకోవే అని."

అదంతా మోసం, పోవద్దు అని చెప్పడం పుష్పావతికి సులువే. కానీ తన పాదం మీద పడిన కాలు మోసం కాదు. మొత్తం చెప్పింది. ఆదిలక్ష్మమ్మ సంగతి, ఆమె మర్చిపోయిన మనవరాలి పేరు, కాగితం, వారాలు, అన్నీ. కల్పన రెప్పవేయకుండా విన్నది.

"అయితే వస్తాడు" అంది చివరికి. అంత చెప్పినదాంట్లో ఆమెకు వినపడింది అదొక్కటే.

ఇంక ఎంత చెప్పినా ఆగదని పుష్పావతికి అర్థమైంది. ఆ రోజు తనకూ ఎవరైనా అడ్డం చెప్పి ఉంటే తాను ఆగేదా? షట్టరు దించి తాళం వేసింది.

"సరే పోదువులే. నేనూ వస్తా. జంటగా రమ్మన్నారు గదా వాళ్ళు, మనిద్దరం జంట."

ఆదివారం అదే వ్యాను. వానకు చేలు పచ్చబడ్డాయి, మేడ మాత్రం అంతే తెల్లగా ఉంది. వాకిట్లో రాహుల్ చేతులు జోడించాడు.

"రండి కల్పన మేడం. సార్ అప్పుడే వచ్చి..." వెనక నడుస్తున్న పుష్పావతిని చూసి ఆగిపోయాడు.

ఎవరైనా దారి చూపేలోగానే ఆమె హాల్లోకి నడిచింది. రెండు కాఫీ గ్లాసులు పెట్టి, ఒక్క మనిషి కూడా లేని బల్ల ఒకటే ఉంది. కల్పనను ఒక కుర్చీలో కూర్చోబెట్టింది. రెండో కుర్చీ వెనక్కి లాగింది. లాగుతుంటే అది బరువుగా కదిలి, సగంలో తేలికైంది. పుష్పావతి అందులో కూర్చుంది. సీటు వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి చోటిచ్చినట్టు.

కల్పన ఆ కుర్చీ వైపు, అందులో ఉన్న పుష్పావతి వైపు, మార్చి మార్చి చూసింది. చూస్తూ చూస్తూ ఏడవడం మొదలుపెట్టింది. ఈశ్వరప్ప శవం ఇంటికి వచ్చిన రోజున కూడా ఆమె కంట నీరు రాలేదని వీధంతా చెప్పుకున్నారు. పుష్పావతి ఆమె చెయ్యి పట్టుకుంది.

రాహుల్ ఎదురుగా నిలబడే ఉన్నాడు. ఎవరితో మాట్లాడాలో తెలియక చేతులు నలుపుకుంటున్నాడు.

"కూర్చో నాయనా" అంది పుష్పావతి. "నీ మాటలేవో చెప్పు, వింటాం. అన్నం తిని పోతాం."