మొదటిరోజు ఏడుపు

పదకొండు కావస్తోంది. పదిన్నరకల్లా బడి గ్రూపుకు పంపవలసిన పది ఫొటోలలో ఆరే వెళ్ళాయి. మిగిలిన నాలుగింటి కోసం చిన్నటీచర్ మోకాళ్ళమీద కూర్చుని, ఎడమచేత్తో ఒక పిల్లవాడి ముక్కు తుడుస్తూ, కుడిచేత్తో ఫోను ఎత్తిపట్టింది. ఫోను లేవగానే తరగతిలోని పద్ధెనిమిదిమంది పిల్లలూ చేస్తున్న పని మానేశారు. రంగులు కలుపుతున్న చేతులు ఆగాయి. ఇసుక పోస్తున్న గిన్నె గాలిలోనే నిలిచింది. జుట్టు పట్టుకుని పోట్లాడుకుంటున్న ఇద్దరు ఆ పట్టు వదలకుండానే పళ్ళన్నీ కనబడేలా నవ్వారు. మూడేళ్ళ పసివాళ్ళకు అక్షరమొక్కటీ రాకపోయినా ఈ విద్య మాత్రం చక్కగా పట్టుబడింది.

"టీచర్, ఫొటో అయిపోయిందా? ఇంక ఆడుకోవచ్చా?" అని ఒకడు నవ్వు చెదరకుండానే అడిగాడు.

"ఆడుకో నాన్నా," అన్నది ఆమె. ఆడుకోవడానికి ఒక పసివాడు అనుమతి అడగవలసి రావడం ఆమె మనసులో ముల్లులా దిగింది. దాన్ని తీసుకునే తీరిక లేదు. ఫోను మళ్ళీ గుర్రుమన్నది. "ఇంకా నాలుగు. వెలుతురు సరిగ్గా ఉండాలి. చిరునవ్వులు సహజంగా ఉండాలి," అని బడి నడిపే పెద్దమేడమ్ సందేశం.

గోడవారగా ఉన్న అద్దాల బీరువాలో కొయ్యదిమ్మలు, చెక్కరైలు, గవ్వలంత నున్నటి జంతువుల బొమ్మలు వరుసగా ఉన్నాయి. తాళం పెద్దమేడమ్ దగ్గర. చిత్రీకరణ ఉన్ననాడే అవి కిందికి దిగుతాయి. పావుగంట గడిచాక వాటిని తుడిచి మళ్ళీ లోపల పెట్టాలి. తక్కిన రోజుల్లో పిల్లలకు మూతలు పోయిన డబ్బాలే గతి. "పైన పటారం, లోన లొటారం," అని ఆ అద్దాలు తుడిచినప్పుడల్లా ఆయమ్మ గొణుగుతుంది. ఇరవైయేళ్ళుగా పసిపిల్లల తడిబట్టలు మార్చిన చేతులావిడవి. ఆ మాట అనే హక్కు ఆవిడకున్నది.

ఇంతలో తలుపు తీసుకుని పెద్దమేడమ్ లోపలికి వచ్చింది. ఆమె వెనక, ఒక చంకలో రింగ్ లైటూ మరో చంకలో దాని కాళ్ళూ పెట్టుకుని, కెమెరా అన్నయ్య. నిన్నమొన్నటిదాకా పెళ్ళి వీడియోలు తీసి బతికినవాడు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ తానే తీసుకుంటుంటే, ఈ బడి ప్రచారం పని దొరికింది.

"ఏం బాబూ, పెళ్ళికూతురు సరిగ్గా ఏడవకపోతే మళ్ళీ ఏడవమనేవాడివట కదా! ఇక్కడెవర్ని ఏడిపిస్తావు?" అన్నది ఆయమ్మ హాస్యానికి.

అతడు నవ్వలేదు. రింగ్ లైటు కాళ్ళు విప్పుతూ తల దించుకున్నాడు.

"పిచ్చుక మొదటిరోజు వీడియో ఏది?" అని అడిగింది పెద్దమేడమ్.

పిచ్చుక ఆ తరగతిలో అందరికంటె చిన్నది. కిటికీ గట్టెక్కి పిచ్చుకలా కూర్చుంటుందని చిన్నటీచరే ఆ పేరు పెట్టింది. తల్లి దుస్తుల కర్మాగారంలో కుట్టుపని చేస్తుంది. సగం ఫీజుకు పాపను చేర్చుకున్నందుకు బదులుగా, పాప ఫొటోలు ఏ ప్రకటనకైనా వాడుకోవచ్చునన్న కాగితంమీద ఆమె సంతకం చేసింది. అది చదివి చూసుకోవడానికి ఆమెకు వ్యవధి ఇచ్చినవారెవరు? వెనక వరుస నిలబడి ఉన్నది, కర్మాగారం గంట కొట్టబోతున్నది. చేసింది.

"మొదటిరోజు తియ్యలేదండీ," అన్నది చిన్నటీచర్.

"తియ్యలేదా! మూడు వారాల్లో మార్పు అని సాయంత్రం అయిదింటికి వీడియో పెడుతున్నట్టు మొన్నే ప్రకటించాం. డబ్బు కట్టి మరీ ప్రచారం చేయించాను. ఏడుస్తూ వచ్చిన పాప, ఇప్పుడు నవ్వుతూ ఆడుకుంటున్న పాప. నవ్వులు వంద ఉన్నాయి, ఏడుపేది? ఎందుకు తియ్యలేదు?"

"ఎత్తుకున్నానండీ. చేతులు ఖాళీగా లేవు."

అది సాకు కాదు. ఆ రోజు పాప పొద్దున తొమ్మిదింటికి మొదలుపెట్టిన ఏడుపు మధ్యాహ్నానికి గాని ఆగలేదు. గొంతు బొంగురుపోయింది, ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళతో నిద్రపోయింది. అలా మూడు రోజులు. నాలుగోనాడు చిన్నటీచర్ తల్లిని గుమ్మం దగ్గర ఆపి, "నీదేదైనా దీని దగ్గర ఉంచి వెళ్ళమ్మా," అన్నది. తల్లి అటూ ఇటూ చూసి, మరేమీ లేక, తన జాకెట్టు చేతిమడత దగ్గరున్న ఆకుపచ్చ గుండీని పళ్ళతో కొరికి తెంపి పాప జేబులో వేసింది. చిన్నటీచర్ పాప ఎదుట మోకరిల్లి, "ఇది మళ్ళీ కుట్టుకోవాలిగా! అందుకని సాయంత్రం అమ్మ తప్పకుండా వస్తుంది. నేను చెప్తున్నాను," అని మాట ఇచ్చింది. ఆనాడు పాప జేబు పట్టుకుని కూర్చున్నది గాని ఏడవలేదు. సాయంత్రం తల్లి వచ్చింది. మరునాడూ వచ్చింది. పదహారు రోజులుగా ఆ మాట ఒక్కపూటకూడా తప్పలేదు. పసివారికి ఇచ్చిన మాటకు దేవుడే సాక్షి సంతకం పెడతాడని చిన్నటీచర్ తండ్రి చెబుతుండేవాడు. ఆయనా బడిపంతులే.

"సరే, అయిందేదో అయింది," అని పెద్దమేడమ్ స్వరం తగ్గించింది. "దాని జేబులో గుండీ ఉంటుందిగా? నువ్వేగా రాశావు గ్రూపులో. అది కాసేపు తీసెయ్యి. రెండు నిమిషాలు ఏడుస్తుంది, అన్నయ్య తీసుకుంటాడు, వెంటనే ఇచ్చేద్దాం. చాక్లెట్ కూడా ఇద్దాం."

అవును, రాసింది తానే. ఆ గుండీ కథను సంబరపడి రోజువారీ నివేదికలో రాసి, అందరిచేతా మెచ్చుకోళ్ళు పొందింది. ఇప్పుడు తన వేలే తన కంట్లో గుచ్చుకుంటున్నది.

"ఇప్పుడు బాగానే ఉంటోందండీ. మళ్ళీ ఏడిపించడం..."

"ఏడిపించడమేంటి? నేనేమన్నా కొట్టమన్నానా?" పెద్దమేడమ్ ముఖంలో అలసట కనిపించింది. అదీ నటన కాదు. "ఎదురుగా ఉన్న బడివాళ్ళు ఇలాంటి వీడియోతోనే ముప్ఫైమందిని చేర్చుకున్నారు. మనకు ఏడుగురు. నువ్వు చేరినప్పుడు వందమంది ఉండేవాళ్ళు, ఇప్పుడు నలభైయొక్కరు. పిల్లలు రాకపోతే నీ తొమ్మిది వేలు నేనెక్కణ్ణుంచి తేవాలి?" ఆమె పక్క గోడ వంక చూసింది. "మీవాడు రెండో తరగతికి వచ్చాడు కదూ? బాగా చదువుతున్నాడట."

చిన్నటీచర్ కొడుకు పక్క భవనంలోని పెద్దబడిలో చదువుతున్నాడు. ఇక్కడ పనిచేసేవారి పిల్లలకు అక్కడ ఫీజు లేదు. పని పోతే ఏడాది మధ్యలో ఆ సీటూ పోతుంది. పెద్దమేడమ్ ఆ మాట చెప్పలేదు, చెప్పవలసిన అవసరమూ లేదు.

"కానివ్వు చెల్లెమ్మా," అన్నాడు కెమెరా అన్నయ్య మెల్లగా. "కూటికోసం కోటి విద్యలు. నాకూ ఇద్దరున్నారు."

"ఆ కోటిలో ఇదొకటా?" అన్నది ఆయమ్మ, ఎవరి వంకా చూడకుండా.

అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూనే చిన్నటీచర్ ఫోను నేలమీద పెట్టి కిటికీ దగ్గరకు నడిచింది. పిచ్చుకను చెయ్యి పట్టుకుని తెచ్చి, రింగ్ లైటు ఎదురుగా చిట్టికుర్చీలో కూర్చోబెట్టింది. తెల్లని వెలుగు పాప కళ్ళలో రెండు గుండ్రని గాజుల్లా నిలిచింది. వెలుగు చూడగానే పాప అలవాటు చొప్పున నవ్వింది.

"పిచ్చుకా, నీ గుండీ... నాకు ఇస్తావా?"

తన గొంతు తనకే పరాయిగా వినిపించింది. పాప నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. జేబులో చెయ్యి పెట్టి, అడుగున వెతికి, ఆకుపచ్చ గుండీని తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

"ఏడుపొస్తోందా టీచర్? ఉంచుకో. మీ అమ్మ వచ్చేస్తుంది," అన్నది.

కెమెరామీద ఎర్రచుక్క వెలుగుతూనే ఉన్నది. పాప కాళ్ళూపుకుంటూ, సాయం చేసినవాళ్ళ తృప్తితో కూర్చున్నది.

"ఏడవట్లేదండీ," అన్నాడు కెమెరా అన్నయ్య. ఆ గొంతులో ఆశాభంగం కంటె ఊరటే ఎక్కువగా ఉన్నది.

"అమ్మ రాదని చెప్పు," అన్నది పెద్దమేడమ్. "గుండీ ఇచ్చేశావు, ఇంక అమ్మ రాదు అను. ఒక్క మాట."

చిన్నటీచర్ అరచేతిలోని గుండీని చూసింది. రెండు రంధ్రాల మధ్య తెగిన దారపు పోగు ఇంకా అంటుకుని ఉన్నది. తల్లి పంటిగాటు అంచున సన్నగా తెలుస్తున్నది. పది చిత్రాలు పంపమంటే పంపింది. బొమ్మలు లాక్కుని బీరువాలో పెట్టమంటే పెట్టింది. పాలు చల్లారిపోతున్నా వీడియో అయ్యేదాకా తాగవద్దని పిల్లల చేతులు పట్టుకున్నది. ఇన్ని చేసిన నోటికి ఈ ఒక్క మాట బరువేమిటో ఆమెకే తెలియదు.

"చెప్పనండీ."

"ఏమన్నావు?"

"చెప్పను. వాళ్ళమ్మ వస్తుంది."

పెద్దమేడమ్ ముఖం ఎర్రబడింది. "సరే, నేనే చెప్తాను. నువ్వు తప్పుకో," అంటూ రెండడుగులు ముందుకు వేసి, పాప మీదికి వంగింది. "పాపా, ఇటు చూడు. మీ అమ్మ..."

ఆ మాట పూర్తికాలేదు. చిన్నటీచర్ ఒక్క ఊపున పిచ్చుకను కుర్చీలోంచి ఎత్తుకున్నది. పాప చెవి తన భుజానికి ఆనేలా తలను అదుముకుని, రెండో చెవిమీద చెయ్యి కప్పింది. పాప ఇదేదో కొత్త ఆట అనుకుని కిలకిల నవ్వింది. నేలమీద ఫోను గుర్రుమని తనంతట తానే ఒక జానెడు పక్కకు జరిగింది.

"ఏం చేస్తున్నావో తెలుస్తోందా నీకు?" అన్నది పెద్దమేడమ్. "మీవాడి సంగతి కూడా ఆలోచించుకో."

ఆలోచించింది. పక్క భవనంలో ఈ పాటికి రెండో తరగతివాళ్ళు ఎక్కాలు అప్పజెబుతూ ఉంటారు. గోడ అవతలినుంచి ఆ గొంతుల రొద లీలగా వస్తున్నది. అందులో వాడి గొంతు ఏదో పోల్చుకోవాలని చూసింది. తెలియలేదు.

"తెలుసండీ," అన్నది. "ఎత్తుకున్నాను. చేతులు ఖాళీగా లేవు."

పెద్దమేడమ్ కెమెరా అన్నయ్య వంక చూసింది. అతడు ఆయమ్మ వంక చూశాడు. ఆయమ్మ నేలమీది ఫోనును చీపురుతో మెల్లగా గోడవారకు నెట్టింది. రింగ్ లైటును ఆర్పమని ఎవరూ చెప్పలేదు. దాని తెల్లని వెలుగు ఖాళీ చిట్టికుర్చీమీద పడుతూనే ఉన్నది. చుట్టూ పదిహేడుమంది పిల్లలు, ఫొటో అయిందో లేదో తెలియక, నవ్వుతూ అలాగే నిలబడి ఉన్నారు.