వాగులోకి వంచిన డ్రమ్ము

నేను ఒక నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును. నాలో ఏం నింపుతారో పోత పోసిన రోజున నాకు తెలియదు. డ్రమ్ములను ఎవరూ అడగరు. ఏడాదిపాటు సబ్బునూనె మోసి పాత సామాన్ల కొట్టుకు చేరితే, పల్నాడులో మిరప వేసే యోగయ్య నన్ను కొని తెచ్చుకున్నాడు.

కృష్ణలో కలిసే ఒక వాగు పక్కన అతని చేను. నీళ్లు అందుబాటులో ఉంటాయని నన్ను ఒడ్డునే నిలబెట్టి, నాలో పురుగుమందు కలిపేవాడు. చెడ్డవాడు కాదు. ముక్కుకు తువాలు కట్టుకునేవాడు, ఇంటికి పోయేముందు చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకునేవాడు. ఆ చేతులు కడిగిందీ, నన్ను కడిగిందీ మాత్రం వాగులోనే. పారే నీటికి దోషం లేదనేవాడు. నిజం చెప్పాలంటే, కడుపు ఖాళీ అయితే నాకూ హాయిగానే ఉండేది.

దిగువ మడుగులో నాంచారమ్మ వల వేసేది. భర్త పోయాక ఆ వాగే ఆమెకు ఆధారం.

ఆ ఏడు తామర పురుగు పూతంతా పీల్చేసింది. యోగయ్య కంగారుపడి రెండింతల మందు కలిపాడు. వానలు లేక వాగు సన్నగా పారుతోంది. సాయంత్రం, మిగిలిన మందునీళ్లతో సహా నన్ను వాగులోకి వంచేశాడు. అంతా కక్కేశాను.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ తట్ట నిండా చేపలతో వచ్చింది.

"వల కూడా ఎయ్యలేదు తమ్ముడా. వాటంతటయ్యే తేలినయ్. సంతకు పోతన్నా."

యోగయ్య ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. ఆమె పది అడుగులు వేసింది కూడా.

"అక్కా, ఆగు. అయ్యి అమ్మమాక. నిన్న వాగులో మందు పోసింది నేనే."

ఆమె తట్ట దించింది. తిట్టలేదు.

"మరి నేనేం తిని బతకాల?"

యోగయ్య చేలోంచి పార తెచ్చాడు. ఇద్దరూ గుంట తవ్వి చేపల్ని పూడ్చారు. ఆ ఏడంతా ఆమె అతని చేలోనే మిరపకాయలు కోసింది, కూలికి.

యోగయ్య నన్ను చేను నడుమకు మార్చాడు. కడిగిన నీళ్లు మళ్లీ చేలోనే చల్లుతున్నాడు. కొలిచి తప్ప మందు కలపడు. మందు వాగులోకి జారకుండా ఒడ్డు వెంట నాలుగు సాళ్ల మిరప మానేసి గడ్డి పెంచాడు. ఎన్ని చేసినా నాలోని వాసన మాత్రం పోలేదు.

రెండేళ్లకు మడుగులో మళ్లీ చేపలు కదిలాయి. ఒక మధ్యాహ్నం నాంచారమ్మ అన్నమూ చేపల పులుసూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"ముందు నువ్వు తిను తమ్ముడా."

యోగయ్య ముద్ద కలిపి, నోటిదాకా తెచ్చి ఆగాడు. ఒక్క క్షణమే. తర్వాత మెతుకు మిగల్చకుండా తిన్నాడు. కానీ ఆ క్షణాన్ని ఆమె చూసింది. నేనూ చూశాను.

"నాకు ప్రతి ముద్దకీ అట్నే అవుద్ది," అంది నాంచారమ్మ, గిన్నె అందుకుంటూ.