ఫోటో గ్లవ్స్

మేనేజరు ఆమెను బల్లెక్కించాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్న మనిషిని, మోచేతిదాకా ఉబ్బి నల్లబడిన చెయ్యి అందరికీ చూపించమన్నాడు.

"చూశారా? జాగ్రత్త లేకపోతే ఇదీ గతి" అన్నాడు.

లేవలేని ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్ అది. రోగాలు అంటకుండా ఎలా పనిచెయ్యాలో పనివాళ్ళకు నేర్పే రోజు. నలభై మంది భోజనాల హాల్లో నిలబడ్డారు. బల్లమీదున్నది దుప్పట్లుతికే మనిషి, రెండో వరసలో ఉన్న, అందరూ పొడుగాయా అని పిలిచే పొడుగాటి ఆయాకు స్వయానా వదిన. వాడిన సూదులు వెయ్యడానికి ఒక్క డబ్బా కొనని దిక్కుమాలిన కొంప! ఆ సూదులు దుప్పట్లలో దొర్లుతుంటాయి. ఐదు రోజుల కిందట ఒకటి వదిన బొటనవేల్లో దిగింది. ఆస్పత్రికి పోతానంటే శిక్షణ అయ్యాక పొమ్మన్నారు. ఎందుకాపారో పొడుగాయాకు ఇప్పుడు తెలిసింది.

పావుగంటలో పాఠం అయిపోయింది. మేనేజరు అలమారా తాళం తీసి గ్లవ్స్ పెట్టె తెచ్చాడు. ఏడాదికోసారి దర్శనమిచ్చే పెట్టె. తొడుక్కోవాలి, చేతులెత్తి ఫోటో దిగాలి, కాగితం మీద సంతకం పెట్టాలి, గ్లవ్స్ తిరిగిచ్చెయ్యాలి.

పొడుగాయా కాగితం చదివింది. దుప్పట్లుతికే ఆమెకు ముందే అన్నీ నేర్పామని, ఆమె లెక్కచెయ్యలేదని, దానికి వీళ్ళంతా సాక్షులని రాసుంది.

"మా వదినకి ఎప్పుడు నేర్పారు సార్?"

"నీకెందుకే? సంతకం పెట్టు."

"పెట్టను."

మేనేజరు నవ్వాడు. "సంతకాలయ్యాకే మీ వదినకి ఆస్పత్రి బండి. ఆలోచించుకో."

పొడుగాయా పెన్ను కాగితం మీద ఆనించింది. వదిన బల్లమీద కూలబడి, తల మాత్రం ఎత్తింది.

"పెట్టకు" అంది. "నన్ను తప్పుడు మనిషిని చెయ్యకు."

వార్డులో పనిచేసే ఒకాయన ముందుకొచ్చాడు. "నాకు పిల్లలున్నారమ్మా. నేను పెట్టేస్తా."

"పెట్టు అన్నా" అంది పొడుగాయా. "రేపు నిన్ను బల్లెక్కించినప్పుడు నీమీద మేం పెడతాం."

ఆయన పెన్ను అందుకోలేదు. తొడుక్కున్న గ్లవ్స్ పీకి నేలకేసి కొట్టాడు. ఊడ్చే ఆమె "నాకూ రెండుసార్లు గుచ్చుకుంది, పని పోతుందని నోరు మూసుకున్నా" అంది. నాకూ, నాకూ అని హాలంతా గొంతులు లేచాయి.

"బండి నీదగ్గరే ఉంచుకో" అంది పొడుగాయా. "సగం మంది ముసలివాళ్ళ దగ్గరుండండి. మిగతావాళ్ళు రండి, మోద్దాం."

గేటు తియ్యొద్దని మేనేజరు అరుస్తూనే ఉన్నాడు. కాపలా తాత తీశాడు. వదినను స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ ఎండలో నడిచారు. ఆస్పత్రి ఇంకా రెండు వీధులుందనగా వదిన ఊపిరి ఆగిపోయింది. పొడుగాయా నడిరోడ్డు మీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే పోలీసులొచ్చారు. రోగులను వదిలేసి పోయిందని పొడుగాయా మీద ఫిర్యాదు. ఆమె ఉతుకుడు గదిలో ఉందంటే అక్కడికెళ్ళారు.

ముసలివాళ్ళ దగ్గరున్న కొందరు తప్ప అందరూ అక్కడే ఉన్నారు. నిన్నంతా నోరు మెదపని పెద్ద నర్సమ్మ మధ్యలో నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి. ఒక చేతిలో సూది, ముందు ఖాళీ నూనె డబ్బా.

"వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు. నేరుగా ఇందులో వెయ్యాలి. గుచ్చుకుంటే వెంటనే సబ్బుతో కడిగి, పదిమందికీ చెప్పాలి. దాచొద్దు. ఇది నేను మీకు ఏనాడో చెప్పాల్సింది" అంటోంది.

కానిస్టేబులు పొడుగాయా భుజం పట్టుకున్నాడు. "నడు."

ఆమె కదల్లేదు. అందరూ ఆమె చుట్టూ దగ్గరికి జరిగారు.

"ఆగండి" అంది పొడుగాయా. "శిక్షణ జరుగుతోంది."