అమ్మను మంచులో పడుకోబెట్టిన రోజు

వాషింగ్టన్‌లో ఎవరో మ్యాపు మీద గీత గీశారు. ఆ గీత వెంట ముళ్ళకంచె వేశారు. మేం గొర్రెలు మేపుకునే నేల పక్క తెగ హోపీల వాటాకు పోయింది. అటువైపు మిగిలిన మా నవాహో తెగవాళ్ళం లారీలెక్కాం. 1981లో ఫ్లాగ్‌స్టాఫ్ టౌన్లో మాకు గవర్నమెంటు ఇల్లొచ్చింది. కుటుంబానికి ఒకటే. అది పోతే ఇంకోటి ఇవ్వరు.

ఇల్లు చూడగానే అమ్మ నవ్వింది.

"తలుపు పడమటికి పెట్టారేంట్రా? పొద్దున్నే సూర్యుడొస్తే మన వీపు చూసి పోవాలా?"

ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదొక్కసారే. గొర్రెలు లేవు, మగ్గం ముట్టలేదు. రెండో చలికాలానికి మంచం పట్టింది. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు. వాడికేం తెలుసు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున నా చెయ్యి పట్టుకుంది.

"ఇవాళేరా. నన్ను బయట పెట్టు."

మాలో ఎవరైనా ఇంట్లో పోతే ఇక ఆ ఇంట్లో ఎవరూ బతకరు. వదిలేసి వెళ్ళిపోవాలి. అందుకే పోయేవాళ్ళను ముందే ఆరుబయటకు తెస్తాం. మా నేల మీదైతే మట్టీ దుంగలూ తెచ్చి ఇంకో ఇల్లు కట్టుకునేవాణ్ణి. ఇక్కడేం పెట్టి కడతాను?

"పిల్లలకు ఇల్లుండాలి కదరా," అంది అమ్మ.

నా భార్య బెర్తా పెరట్లో మంచు ఊడ్చి గొర్రెతోళ్ళు పరిచింది. అమ్మకు నాలుగు దుప్పట్లు కప్పి పక్కన కూర్చున్నాం. పక్కింటావిడ కిటికీలోంచి చూసింది. పావుగంటలో పోలీసు దిగాడు.

"ముసలావిడను చలిలో పడేశారేంటి? తాగావా?"

"లేదు సార్. ఆమే అడిగింది."

నాలుగో తరగతిలో బోర్డింగ్ స్కూలు గోడ దూకి పారిపోయినవాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లీషు మూటలు ఎత్తడానికీ దించడానికీ సరిపోతుంది. అమ్మ చావు గురించి చెప్పడానికి చాల్లేదు. బెర్తా అందుకుంది.

"లోపల పోయిందంటే మాకిక ఇల్లుండదు సార్."

"ఇల్లెక్కడికి పోతుందమ్మా? అదిగో, నిలబడే ఉందిగా! అంబులెన్సుకు చెప్పాను. అది వచ్చేదాకా లోపల ఉంచండి. లేదంటే పిల్లల్ని కూడా మీ దగ్గర్నుంచి తీసుకెళ్ళాల్సొస్తుంది."

తన కోటు విప్పి అమ్మకు కప్పాడు. మంచివాడే. అదే నాకు మంట. అతను కాళ్ళు పట్టాడు, నేను తల పట్టాను. గుమ్మం దగ్గర అమ్మ ద్వారబంధం పట్టుకుంది. పట్టు వదల్లేదు. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది నేనే.

అంబులెన్సు వచ్చేసరికి అమ్మ సోఫా మీద పోయింది.

ఆ మధ్యాహ్నమే బయల్దేరాం.

"నా మంచం తెచ్చుకోనా నాన్నా?" అంది నా కూతురు డార్లీన్.

"వద్దు."

"ఇక్కడ వెచ్చగా ఉందిగా. ఉండిపోదాం నాన్నా."

బెర్తా నా వంక చూసింది. నేను పికప్ బండి స్టార్ట్ చేశాను.

ఇల్లిచ్చిన ఆఫీసువాళ్ళు మా ఫైల్లో రాసుకున్నారట, ఇల్లిచ్చాం, ఉండలేదు అని. రెండేళ్ళు బెర్తా చెల్లెలి చక్రాల ట్రైలర్ ఇంట్లో ఎనిమిదిమందిమి సర్దుకున్నాం. డార్లీన్ బూట్లు వేసుకునే పడుకునేది. విప్పవే అంటే, "మళ్ళీ ఎప్పుడు పొమ్మంటారో తెలీదుగా" అనేది.