బలదియ మాఫీ

సంతకం చేసేది చెయ్యా, భయమా? ఈ ప్రశ్న నాకు నేను వేసుకోవడానికి రెండేళ్ళు పట్టింది.

నా పేరు రత్నకుమార్. గోదావరి జిల్లావాణ్ణి. అరబ్బు దేశంలో, బిర్కత్ అల్ అవామిర్ అనే ఊరు దాటాక వచ్చే ఒక కార్మికుల క్యాంపులో గుమాస్తాను. రోజూ నా బల్లమీదికి ఒక కాగితం వస్తుంది. దానిలో మూడు గడులు: మంచినీళ్ళు, మురుగు, చెత్త. మూడింటికీ టిక్కు పెట్టి కింద సంతకం చేస్తాను. ఆ పనులు జరిగాయని అర్థం. జరిగాయో లేదో తెలుసుకోవాలంటే కిటికీ తెర తొలగిస్తే చాలు. నేను తొలగించలేదు.

క్యాంపుకు ముందు రోడ్డు పక్కన ఒక ఇనుప స్తంభం ఉంది. బలదియ, అంటే మునిసిపాలిటీ, హద్దు అక్కడితో ఆగుతుంది. దాని లారీలు స్తంభం దాకా వచ్చి తిరిగిపోతాయి. ఇవతలి ఏడు క్యాంపులకూ నీళ్ళు తేవడానికి, మురుగు తోడడానికి స్థలాల యజమానులు ఏడుగురు కలిసి సర్వీస్ ఏరియా అనే సంఘం పెట్టుకుని, ఒక కాంట్రాక్టరును నియమించుకున్నారు. సంఘంలో ఓటు నేల ఉన్నవాడిది. ఆ నేలమీద దాహం వేసేవాడికి, రోగం వచ్చేవాడికి అందులో చోటు లేదు. పాలన లేని చోటంటూ ఉండదు. పాలితులకు పేరు లేని చోటు మాత్రం ఉంటుంది.

జూన్‌లో మురుగు టాంకరు రావడం మానేసింది. గుంత నిండి పొర్లింది. మురుగు మంచినీళ్ళ తొట్టి వైపు పారింది. భూమిలో కట్టిన ఆ తొట్టి మూత నేలకు సమంగా ఉంటుంది. నాలుగు వందల మంది తాగేది ఆ నీళ్ళే.

ఎండాకాలంలో పది నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదన్న నిబంధన ప్రకారం పదిన్నరకల్లా పని నుంచి తిరిగివచ్చినవాళ్ళు ఆ రోజు అన్నానికి వెళ్ళలేదు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన పోశన్న పార అందుకుని, వరి మడికి పెట్టినట్టే, తొట్టి మూత చుట్టూ ఇసుకతో ఒడ్డు పెట్టసాగాడు. మిగిలినవాళ్ళు తట్టలతో ఇసుక మోశారు. మర్నాటికి అది జారిపోయింది. మళ్ళీ పెట్టారు.

"ఉసికె ఒడ్డు ఆగదు సారూ. నల్లమట్టి ఉండాలె," అన్నాడు నాతో, తప్పు తనదైనట్టు.

నేను ఫోన్లు చేశాను. బలదియలో ఎవరో మర్యాదగా పటం చూసి, స్తంభానికి అవతలిది తమ జాబితాలో లేదన్నారు. కాంట్రాక్టరు బుక్రా అన్నాడు. బుక్రా అంటే రేపు. మర్నాడూ బుక్రా అన్నాడు. ఐదో రోజున తిరుమల్ అనే ఇనుపపని కుర్రవాడికి వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. ఎనిమిదో రోజుకు అతన్ని ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. క్యాంపులో అతని గదిలోనే మరో ఆరుగురు మంచం పట్టారు. ఆ ఎనిమిది రోజులూ నేను సీసా నీళ్ళు తాగాను. ఎనిమిది కాగితాల మీద సంతకం చేశాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం అన్నశాలలో అందరూ కూడారు. నన్నూ పిలిచారు. పోశన్న తాను కొత్తగా వచ్చినప్పటి సంగతి చెప్పాడు. గేటు దగ్గర కాపలావాడు స్తంభం చూపించి "బలదియ మాఫీ" అన్నాడట. అరబ్బీలో మాఫీ అంటే లేదని అర్థం. పోశన్నకు తెలిసిన మాఫీ వేరు. ఇక్కడి మునిసిపాలిటీ మనకు అన్నీ మాఫీ చేసిందని ఆ రోజే భార్య ఎల్లవ్వకు ఫోన్ చేసి చెప్పాడు. ఊళ్ళో అందరికీ చెప్పింది ఆమె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు నర్సింగ్ లేచాడు. నిర్మల్ వైపు మనిషి, తాపీమేస్త్రీ, తక్కువ మాట్లాడేవాడు.

"సారూ, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి. దినాం ఆ కాయితం మీద ఏం రాస్తున్నరు?"

"టాంకరు వచ్చిందని రాస్తున్నానండీ," అన్నాను.

వాళ్ళు అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

"అయితె మేం సచ్చినా కాయితంల మంచిగనే ఉంటం," అన్నాడు నర్సింగ్. టాంకరు వచ్చేదాకా పనికి పోయే బస్సు ఎక్కవద్దని అన్నాడు.

"ఎక్కకుంటె ఇంటికి తోలుతరు భాయ్. ఈడ యూనియన్ మాఫీ," అన్నాడు డ్రైవర్ మొహియుద్దీన్.

"నీళ్ళు మాఫీ, బలదియ మాఫీ, యూనియన్ మాఫీ. మరి ఉన్నదేంది?" అన్నాడు నర్సింగ్.

అంతలో మూడు గంటల బస్సు వచ్చింది. అందరూ ఎక్కారు. నర్సింగ్ కూడా.

నేను నా ఆఫీసు గదికి వెళ్ళి, మా చర్చి సంఘంలో చిన్నప్పటి నుంచి అలవాటైన పద్ధతిలో, సమావేశపు మినిట్స్ రాశాను. బస్సు గురించి మాట్లాడినవారి పేర్లు వరుసగా. మొదటిది నర్సింగ్‌ది. కాగితం బల్లమీదే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున విమానాశ్రయానికి తీసుకుపోయే కంపెనీ కారు వచ్చింది. క్యాంప్ బాస్ తౌఫీక్ చేతిలో నా మినిట్స్ కాగితం ఉంది. నర్సింగ్ సంచీ అప్పటికే ఎవరో సర్దేశారు. నర్సింగ్ నా చేతిరాత చూశాడు, నన్ను చూశాడు. పోశన్నతో మాత్రం, "ఒడ్డు సూసుకో అన్నా," అని కారెక్కాడు.

పదిన్నరకు అందరూ తిరిగివచ్చేసరికి ఒడ్డు తెగి ఉంది. తొట్టి మూత మురుగు కింద కనబడలేదు. నాలుగు వందల మంది దాని చుట్టూ నిలబడ్డారు. పార పట్టిన పోశన్న చేతులు కదల్లేదు.

ఒంటిగంటకు తౌఫీక్ ఆనాటి కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "యల్లా, సైన్ కరో," అన్నాడు, కానివ్వు, సంతకం పెట్టు అని. నా ఒక్క సంతకంతో ఏమవుతుందని రెండేళ్ళుగా నన్ను నేను సమాధానపరచుకున్నాను. విలువలేని సంతకమైతే వీళ్ళకు రోజూ ఎందుకు కావాలి? ఇంత చిన్న ప్రశ్న ఇన్నాళ్ళూ నాకు తోచలేదు. తోచింది నర్సింగ్‌ను పోగొట్టుకున్నాకే.

మూడు గడుల్లోనూ ఏమీ పెట్టలేదు. కాగితం నడిమధ్య, తెలుగులో, పెద్ద అక్షరాలతో మాఫీ అని రాశాను. తౌఫీక్ అందుకోబోయేలోగా కాగితం పట్టుకుని అన్నశాలకు నడిచాను.

పోశన్న దాన్ని కూడబలుక్కుని చదివాడు. "ఇది మన మాఫీనా సారూ, వాళ్ళ మాఫీనా?"

"వాళ్ళది. లేదు అని."

"మన మాఫీ అయితె వాళ్ళకు ఇయ్యలేదు గద?"

"ఇవ్వలేదు," అన్నాను.

అతను కలం అడిగాడు. సంతకం ఎక్కడ పెట్టాలన్నాడు. వరుసగా వద్దన్నాను, మొదటి పేరు ఎవరిదో ఇక ఎవరికీ తెలియకూడదు. ఆ మాట చుట్టూ గుండ్రంగా పెట్టమన్నాను. ముందు నేను ఒక మూలగా సంతకం చేశాను. తర్వాత పోశన్న, మొహియుద్దీన్. కాగితం చేతులు మారుతూ గోడ దాకా వెళ్ళింది, తిరిగి వచ్చింది, వెనక వైపు కూడా నిండింది.

మూడింటికి బస్సు హారన్ మోగింది. మేము కాగితం పట్టుకుని, బస్సు ఎక్కకుండా దాని పక్కనుంచి, బలదియ లారీలు వచ్చి తిరిగిపోయే ఆ ఇనుప స్తంభం వైపు నడిచాము.