ఊ కొట్టే వేరు

"బల్ల ముట్టొద్దు," అన్నాడు అతను తల ఎత్తకుండానే. ఎవరూ ముట్టుకోలేదు. పరిశోధన చేస్తున్న విద్యార్థిని చేతులు కట్టుకుని గోడ దగ్గరే నిలబడి ఉంది. అయినా అన్నాడు. ఈ ప్రయోగశాలలో చేరిన నాటినుంచీ అంటూనే ఉన్నాడు. అందుకే వెనకాల అందరూ అతన్ని ముట్టొద్దుగారు అంటారు.

పొట్టి మనిషి. ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలోకి చూసి చూసి మెడ ముందుకు వంగిపోయింది. వేళ్లు మాత్రం వయసుకు లొంగలేదు. దారప్పోగంత చిక్కుడు వేరును గాజుపలక మీద తడిలో పరిచి, నేలలోని సూక్ష్మజీవులు వదిలే రసం ఒక చుక్క వేశాడు. ఆ చుక్కలో ఉన్నది ఒక కబురు: మమ్మల్ని లోపలికి రానిస్తే గాల్లోని నత్రజనిని నీకు తిండిగా మార్చి పెడతామని. వేరుకు సమ్మతమైతే దాని కణంలో కాల్షియం పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. పెరిగినప్పుడల్లా తెర మీద ఒక ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. పుస్తకాల్లో దాన్నేమంటారో గానీ, అతను మాత్రం ఊ కొట్టడం అంటాడు. ఇక్కడ అందరికీ ఆ మాటే అలవాటయింది.

వారం నుంచి ఒక్క వేరూ ఊ కొట్టలేదు. రేపు ఈ సూక్ష్మదర్శినిని పై అంతస్తు వాళ్లు పట్టుకుపోతారు. మిగిలింది ఈ ఒక్క మొక్కే. ఇదీ పలక్కపోతే ఆ పిల్ల ఇన్నాళ్ల చదువు నీళ్లపాలు.

తెర ఒక్కసారి భగ్గుమంది.

"వచ్చిందండీ," అంది విద్యార్థిని.

"రాలేదమ్మా. ఉలిక్కిపడింది."

చిన్న తాకిడి తగిలినా వేరు అలాగే ఒక్కసారి వెలిగి ఆరిపోతుంది. ఎవరు కదిలించారా అని చూస్తే, బల్ల మీద గజగజలాడుతున్నది తన ఫోనే. ఆ పిల్ల నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. అతనికి ఒళ్లు మండిపోయింది.

ఫోన్ చేసింది అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అతనేమో పెళ్లి మాటే మరిచిపోయాడు. ఇంట్లో మరెవరూ లేరు.

"కత్తెర ఎక్కడ పెట్టావురా?"

"కుట్టుమిషను సొరుగులో. పనిలో ఉన్నానక్కా."

"ఉండు. కత్తెరంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు నీ జుట్టు కత్తిరించబోయి చెవి తెగ్గోశాను చూడు, ఆ రోజు నాన్న... వింటున్నావా? ఊ కొట్టరా, నోట్లో ముత్యాలేం రాలిపోవు. పొద్దున్నుంచి ఆయాసంగా ఉంది. మాట్లాడుతుంటే కాస్త తేలిగ్గా ఉంటుంది."

ఆ కథా వందసార్లు విన్నదే, ఆ ఆయాసమూ రోజూ ఉండేదే. పెట్టేస్తే మళ్లీ చేస్తుంది. అందుకని మాట్లాడుతున్న ఫోన్‌ను అలాగే తీసుకెళ్లి దూది కట్టలున్న సొరుగులో పెట్టి మూసేశాడు. దూదికి చెప్పుకోనీ.

వేరు కుదుటపడేదాకా ఆగి మరో చుక్క వేశాడు. ఎంతకీ ఏమీ లేదు. "దీనికీ నాలాంటి పొగరే," అని గొణుక్కున్నాడు. అంతలో చుక్క వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. తొందరేమీ లేకుండా, కథ వినే పిల్లలా, ఊ కొడుతూనే ఉంది. విద్యార్థిని కళ్లు తుడుచుకుంది. అతను ఆమె భుజం తట్టబోయి, బల్ల కదులుతుందని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రం సొరుగు తెరిస్తే ఫోన్ ఇంకా కలిసే ఉంది. "అక్కా," అన్నాడు. అటువైపు ఇంట్లో ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు తప్ప మరేం లేదు. అలిగిందనుకున్నాడు. అలిగితే మాట్లాడదు, అదొక్కటే సుఖం. అయినా ఎందుకో పెట్టేయబుద్ధి కాక, ఫోన్ అలాగే చొక్కా జేబులో వేసుకుని ఇంటికి నడిచాడు.

అక్క పడక్కుర్చీలో వెనక్కి వాలి ఉంది. కళ్లజోడు ముక్కు కొసకు జారింది. కాళ్ల దగ్గర కత్తెర, ఒడిలో ఎప్పటిలా స్పీకరు పెట్టిన ఫోన్. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. భుజం కదిపాడు, గట్టిగానే కదిపాడు. ఉలిక్కిపడలేదు.

అతను ఆమె ముందు నేల మీద కూలబడ్డాడు. చెవి తెగిన రోజు నాన్న ఏం చేశాడో, అన్నిసార్లు విన్నా, ఇప్పుడు ఒక్క ముక్కా గుర్తుకు రావడం లేదు. ఏడుపు కంటే ముందు తన మీద తనకే కోపం వచ్చింది.

"ఊ, చెప్పక్కా," అన్నాడు.

ఆమె ఒడిలోని ఫోన్‌లోంచి ఆ ఊ, కాస్త ఆలస్యంగా, మళ్లీ వినిపించింది.